కోపం వచ్చినప్పుడు కలమా, కర్రా? (ఫోన్-ఇన్)

యాంకర్: మొదటి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండి.

కాలర్: హలో... మేడమ్, వినిపిస్తోందా? మూడు నెలల జీతం ఆపేశారు మేడమ్. అడిగితే మేనేజర్ అందరి ముందూ బయటికి పొమ్మన్నాడు. మావాళ్లేమో నలుగురం వెళ్లి రెండు తగిలిస్తే దారికొస్తాడంటున్నారు. కాగితాలు రాస్తే ఎవడు చూస్తాడు మేడమ్?

మేడమ్: ఇవాళ్టిదాకా తప్పు ఆయనది. మీరు చెయ్యెత్తారా, కేసు మీ మీదికి తిరుగుతుంది, జీతం మాట ఇంకెవరూ ఎత్తరు. రాయండి. ఏ నెలది, ఎంత, ఏ తారీఖున అడిగారు, పక్కన ఎవరున్నారు. తిట్లు వద్దు, తారీఖులు రాయండి.

కాలర్: వాట్సాప్‌లో పెట్టాను మేడమ్. నీ అంతు చూస్తానని...

మేడమ్: అయ్యో నాయనా! అది బెదిరింపు. ఆయన చేతికి మీరే సాక్ష్యం ఇచ్చారు.

కాలర్: కోపంలో పెట్టాను మేడమ్. అయినా రాస్తే ఎవడు చూస్తాడు?

మేడమ్: మళ్లీ అదే అడుగుతున్నారు. వినండి. ఫ్రాన్స్‌లో డ్రేఫస్ అనే సైనికాధికారికి 1894లో దేశద్రోహి అని శిక్ష వేసి దీవికి పంపేశారు. 1898లో ఎమిల్ జోలా అనే నవలా రచయిత దేశాధ్యక్షుడికి పత్రికలో బహిరంగ లేఖ రాశాడు, తప్పు చేసిన అధికారుల పేర్లతో సహా. జోలాకే జైలుశిక్ష పడింది, ఇంగ్లండ్ వెళ్లి తలదాచుకున్నాడు. కానీ అణిగిపోయిందనుకున్న కేసు ఇంటింటా చర్చ అయింది. 1906లో డ్రేఫస్ నిర్దోషి అని కోర్టు తేల్చింది.

కాలర్: అన్నేళ్లు నేను ఆగలేను మేడమ్. ఇంటద్దె కట్టాలి...

మేడమ్: ఆగమనడం లేదమ్మా. ఇవాళే రాయండి. ఒక రాత్రి పక్కన పెట్టి, పొద్దున చదివి, తిట్టుంటే కొట్టేసి ఇవ్వండి. అందినట్టు సంతకం తీసుకోండి, కాపీ దాచుకోండి. కదలిక లేకపోతే అదే కాగితం కార్మిక శాఖకి. జీతం ఆగినవాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్ల సంతకాలూ పెట్టించండి. ఆ నలుగురూ కర్రకి కాదు, దీనికి రావాలి.

యాంకర్: థాంక్యూ అండీ. నెక్స్ట్ కాలర్.

కాలర్: అమ్మా, రాత కూడా ప్రాణాలు తీస్తుంది కదా?

మేడమ్: తీస్తుంది. నాజీ జర్మనీలో యూదుల మీద పత్రిక నిండా విషం కక్కిన స్ట్రైషర్‌ని 1946లో ఉరితీశారు. స్వయంగా చంపాడని కాదు, రాసి ఉసిగొల్పాడని. తిట్లు వద్దని ఊరికే మొత్తుకోవడం లేదు నేను.

కాలర్: మరి అలాంటి రాతల్ని ముందే ఆపాలంటే...

యాంకర్: టైమ్ లేదండీ, సారీ. చివరి కాలర్.

కాలర్: మేడమ్, నాకు మంచి భాష రాదు. ఫిర్యాదు రాయొచ్చా?

మేడమ్: నాతో ఇప్పుడు మాట్లాడినట్టే రాయమ్మా. పైన తారీఖు మాత్రం మర్చిపోకు.

యాంకర్: థాంక్యూ మేడమ్. నమస్కారం.