ఆల్మోస్ట్ పాస్ అంటే ఫెయిలే

(నల్గొండలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత ఇంగ్లిష్ గ్రామర్ అంటే ఎవరికైనా కళ్లు మూతలు పడతాయి. అందుకే రూల్స్ పక్కన పెట్టి నేరుగా మార్కుల సంగతికి వస్తాను.

మన దగ్గర టెన్త్‌లో, ఇంటర్‌లో పాస్ మార్కులు 35. ఒకరికి 34 వచ్చాయి, ఒకరికి 35, ఇంకొకరికి 36 అనుకుందాం. 34 వచ్చినవాడిని ఇంగ్లిష్‌లో ‘హి ఆల్మోస్ట్ పాస్డ్’ అంటారు. అంటే పాస్ కాలేదు. 35 వచ్చినవాడు ‘బేర్లీ పాస్డ్’. చావు తప్పి కన్ను లొట్టపోయినా, పాసయితే అయ్యాడు. 36 వచ్చినవాడు ‘నియర్లీ ఫెయిల్డ్’. ఫెయిల్ అన్న మాట చెవిన పడగానే వాళ్లమ్మ కంగారు పడుతుంది గానీ, వాడు నిక్షేపంగా పాసయ్యాడు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆల్మోస్ట్, నియర్లీ అన్న మాటల వెనక ఏ పని వస్తే ఆ పని జరగలేదని అర్థం. బేర్లీ వెనక వచ్చిన పని జరిగిందని అర్థం. మూడింటికీ నిఘంటువులో ‘దాదాపు’, ‘అంతంత మాత్రం’ లాంటి అర్థాలు చూసుకుని ఊరుకుంటే ఈ తేడా దొరకదు.

మనం ఎందుకు తడబడతాం? తెలుగులో మాట్లాడుతూ ఆల్మోస్ట్ అన్నప్పుడు దాన్ని ‘అవును’ కిందే వాడుకుంటాం. హైదరాబాద్ నుంచి బస్సులో వచ్చేవాడికి ఫోన్ చేస్తే, బస్సు ఇంకా చౌటుప్పల్‌లోనే ఉంటుంది, వాడు మాత్రం ‘ఆల్మోస్ట్ వచ్చేసిన సార్’ అంటాడు. చిట్యాల రావాలి, నార్కట్‌పల్లి రావాలి, అక్కడ హైవే దిగి మళ్లీ నల్గొండ రోడ్డు ఎక్కాలి. అయినా ఆల్మోస్టే. అవతలివాడికి టెన్షన్ తగ్గించడానికి వేసే మాట అది. ఆఫీసుల్లో ‘ఫైల్ ఆల్మోస్ట్ అయిపోయింది’ అనేది కూడా ఈ బాపతే. మాట్లాడుకునేటప్పుడు దీనివల్ల నష్టం లేదు. ఇంటర్వ్యూలో ‘ఐ హావ్ ఆల్మోస్ట్ కంప్లీటెడ్ మై డిగ్రీ’ అన్నారనుకోండి, ఎదుటివాళ్లు ఎన్ని బ్యాక్‌లాగ్స్ ఉన్నాయని అడుగుతారు. అది వాళ్ల తప్పు కాదు.

నిజానికి ఈ పని చేసిపెట్టే మాటలు తెలుగులో ఇంకా చక్కనివి ఉన్నాయి. ‘పడబోయాడు’ అంటే పడలేదు. ‘పడినంత పనైంది’ అన్నా పడలేదు, కాకపోతే గుండె దడ మాత్రం మిగిలింది. ‘బస్సు స్కూటర్‌ను గుద్దబోయింది’ అని చెప్పాల్సి వస్తే నియర్లీ హిట్ అని కళ్లు మూసుకుని రాయొచ్చు. దగ్గరికొచ్చి గుద్దింది అన్న అర్థంలో మాత్రం రాయకూడదు. ఫిర్యాదులో అలా రాసిస్తే అసలు యాక్సిడెంటే జరగనట్టు.

ఇప్పుడు అంకెల సంగతి. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అప్పుడు నిల్వ 312 టీఎంసీలు. మట్టం 588 దగ్గరున్నప్పుడు ‘ఆల్మోస్ట్ ఫుల్’, ‘నియర్లీ ఫుల్’ రెండూ చెల్లుతాయి. పైనున్న ఆ రెండు అడుగుల్లోనే సుమారు 6 టీఎంసీలు పడతాయి కాబట్టి నిండిందని మాత్రం అనలేం. ఇక్కడ ‘ఆల్మోస్ట్ 590’ అంటే 590 కంటే తక్కువేనని గట్టిగా చెప్పినట్టు. ‘అబౌట్ 590’ అంటే కొంచెం అటైనా ఇటైనా కావచ్చు. మన ‘సుమారు’ ఈ అబౌట్‌కు సరిపోతుంది గానీ ఆల్మోస్ట్‌కు సరిపోదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి వయసు 700 ఏళ్లని చెప్పుకుంటాం కదా, దాని గురించి ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు అబౌట్ అనే రాయండి. ఆల్మోస్ట్ అని రాస్తే, ఇంకా 700 నిండలేదని మీరు లెక్కగట్టి చెప్పినట్టవుతుంది. ఆ లెక్క ఎవరు కట్టారు?

సాగర్‌నే ఇంకో పక్క నుంచి చూద్దాం. 570 అడుగుల దగ్గర ‘నాట్ నియర్లీ ఫుల్’ అనొచ్చు. నిండటం సంగతి దేవుడెరుగు, ఇంకా చాలా దూరం ఉందని దాని అర్థం. ఇదే చోట ‘నాట్ ఆల్మోస్ట్ ఫుల్’ అంటే ఇంగ్లిష్ వాళ్ల చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘వెరీ నియర్లీ’ ఉంది, ‘వెరీ ఆల్మోస్ట్’ లేదు. అలాగని నియర్లీదే పైచేయి అనుకోకండి. నోబడీ, నథింగ్, నెవర్, ఎనీ లాంటి మాటల ముందు ఆల్మోస్టే రావాలి. ‘ఆల్మోస్ట్ నోబడీ కేమ్’ సరైన వాక్యం, ‘నియర్లీ నోబడీ’ అనరు. మిగతా చోట్ల రెండింట్లో ఏది వాడినా ఎవరూ అడగరు. ఎప్‌సెట్‌కు బిట్లు బట్టీపట్టినట్టు ఈ రెంటి మధ్య లేని తేడాలు పట్టుకుని వేలాడటం దండగ.

పట్టించుకోవాల్సింది మాట ఎక్కడ పెడుతున్నామన్నది. ‘ఆల్మోస్ట్ ఆల్ ది స్టూడెంట్స్ పాస్డ్’ అంటే నూటికి తొంభై అయిదు మంది గట్టెక్కారు, కాలేజీకి మంచి పేరు. అదే ఆల్మోస్ట్‌ను తీసుకెళ్లి పాస్డ్ ముందు పెట్టండి: ‘ఆల్ ది స్టూడెంట్స్ ఆల్మోస్ట్ పాస్డ్’. అందరికందరూ 33, 34 దగ్గర ఆగిపోయారు! ఒక్కరూ పాస్ కాలేదు. మాటలు అవే, ఒకటి చోటు మారింది, అంతే. దీనికి తోడు మన పిల్లలు చాలామంది ‘ఆల్మోస్ట్ స్టూడెంట్స్’ అని రాస్తారు. ఇది అసలు వాక్యమే కాదు. ‘మోస్ట్ స్టూడెంట్స్’ అనైనా ఉండాలి, ‘ఆల్మోస్ట్ ఆల్’ అనైనా ఉండాలి. ‘మోస్ట్‌లీ రేపొస్తా’ అని మనం అనే మోస్ట్‌లీ కూడా ఇంతే. మనకది ‘బహుశా’. బయటి దేశంవాడికి ‘చాలావరకు’ అని వినిపిస్తుంది. చాలావరకు రేపు రావడమంటే ఏమిటో వాడికి అంతుపట్టదు.

ఇక హార్డ్‌లీ. నాకు జవాబు పత్రాల్లో అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది ఈ మాటే. వాళ్ల నాన్న ఎంత కష్టపడతాడో చెప్పాలని ఒకమ్మాయి ‘మై ఫాదర్ వర్క్స్ హార్డ్‌లీ’ అని రాస్తుంది. ఎండనక వాననక పత్తి చేలో ఒళ్లు హూనం చేసుకునే మనిషి, ఆ ఒక్క వాక్యంతో పనికే పోని మనిషి అయిపోతాడు. హార్డ్ అంటే కష్టపడి, హార్డ్‌లీ అంటే చేసీచేయనట్టు. క్విక్‌కు క్విక్‌లీ, స్లోకు స్లోలీ అని నేర్చుకున్న పిల్ల హార్డ్‌కు హార్డ్‌లీ అనుకోవడంలో వింత లేదు. వింత ఆ భాషలోనే ఉంది.

హార్డ్‌లీ, అదే అర్థమున్న స్కేర్స్‌లీ ‘లేదు’ అనే అర్థాన్ని తమలోనే మోస్తాయి. ‘దాదాపు ఎవరూ రాలేదు’ అనేటప్పుడు మనం ‘ఎవరూ’ అంటాం, మళ్లీ ‘రాలేదు’ అనీ అంటాం. తెలుగుకు అది సహజం. ఇంగ్లిష్‌లో ‘హార్డ్‌లీ ఎనీబడీ కేమ్’ అంటే చాలు. ‘హార్డ్‌లీ నోబడీ డిడ్ నాట్ కమ్’ అని మూడుసార్లు కాదంటే, వచ్చారో రాలేదో చెప్పడానికి పంచాయితీ పెట్టాలి.

ప్రాక్టికల్లీ, వర్చువల్లీ కూడా ఈ గుంపులోవే, అందులో వర్చువల్లీ ఆల్మోస్ట్‌కు కాస్త గంభీరమైన రూపం. కరోనా తర్వాత వర్చువల్లీతో ఒక చిక్కు వచ్చిపడింది. ‘వర్చువల్లీ ఆల్ ది మెంబర్స్ అటెండెడ్’ అంటే ఇంచుమించు అందరూ వచ్చారని. ‘ఆల్ ది మెంబర్స్ అటెండెడ్ వర్చువల్లీ’ అంటే అందరూ ఇళ్లల్లో కూర్చుని ఆన్‌లైన్‌లో హాజరయ్యారని. మీటింగ్ మినిట్స్ రాసే ఉద్యోగంలో చేరితే ఇది గుర్తుంటుంది. అనుమానం ఉన్నచోట వర్చువల్లీ మానేసి ఆల్మోస్టే రాయండి, గంభీరత తగ్గితే తగ్గింది.

గ్రూప్స్‌కు, స్టాఫ్ సెలక్షన్ పరీక్షలకు చదివేవాళ్ల కోసం చివరగా ఒకటి. ‘హార్డ్‌లీ హాడ్’, ‘స్కేర్స్‌లీ హాడ్’ అని వాక్యం మొదలైతే వెనక వచ్చేది ‘వెన్’. ‘నో సూనర్’తో మొదలైతే ‘దాన్’. ‘హార్డ్‌లీ హాడ్ ది బస్ స్టార్టెడ్ వెన్ ఇట్ రెయిన్డ్’, అంటే బస్సు కదిలిందో లేదో వాన మొదలైంది. ఇక్కడ బస్సు కదిలినట్టే లెక్క, మర్చిపోకండి. హాడ్ ముందుకొచ్చి కూర్చోవడం గురించి అడగాలని ఉన్నవాళ్లు అడగండి, బోర్డు మీద రాసి చూపిస్తాను. చాక్‌పీస్ ఉందా ఇక్కడ?