మట్టి లేని పంట: అంతరిక్ష కాలనీలో వేళ్లకు గాలి అందించడం ఎలా?

నమస్కారం. అంతరిక్ష కాలనీలో ఆకుకూరలు పండించడమనగానే చాలామంది ముందు మట్టి గురించే అడుగుతారు. అంగారకుడి మట్టిని ఉన్నదున్నట్టు వాడలేం. అందులో పెర్‌క్లోరేట్ లవణాలు ఉన్నాయని 2008లో అక్కడ దిగిన నాసా వ్యోమనౌక ఫీనిక్స్ ల్యాండర్ కనిపెట్టింది. అవి మన థైరాయిడ్‌కు హాని చేస్తాయి. అయినా దిగులు పడక్కర్లేదు. మొక్కకు కావలసింది నీరు, పోషకాలు, వేళ్లకు గాలి, నిలబడటానికి ఆధారం. ఇవి అందితే మట్టి లేకపోయినా పెరుగుతుంది. నా దృష్టిలో వీటన్నిటిలో కష్టమైనది గాలే.

పని మొదలుపెడదాం. వెలుతురు చొరబడని డబ్బా తీసుకోండి, లేకపోతే లోపల నాచు పడుతుంది. మూతకు రంధ్రం చేసి, జాలీ కప్పులో లెట్యూస్ నారు నిలబెట్టండి.

ఇక పోషకాలు. క్యాల్షియం నైట్రేట్ ఒక సీసాలో, మెగ్నీషియం సల్ఫేట్ ఇంకో సీసాలో చిక్కగా కలిపి పెట్టాను. ఈ రెండిటినీ ఒకే గ్లాసులో పోస్తున్నాను, దగ్గరగా చూడండి. పాలలా తెల్లబడింది కదా? కాసేపటికి అడుగున తెల్లటి పొడి పేరుకుంటుంది. అది జిప్సం. క్యాల్షియం అందులో చిక్కుకుపోతే వేళ్లకు సరిగా అందదు. అందుకే డబ్బా నిండా నీళ్లు పోసి, ఒక ద్రావణం బాగా కలిశాకే రెండోది పోయాలి. నీటి ఆమ్లత్వాన్ని చెప్పే పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంచండి.

ఇప్పుడు నీళ్లలోకి గాలి బుడగలు వదిలే ఎయిర్ పంపు. ఈ డబ్బాలో అది నడుస్తోంది. వేళ్లు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. పక్క డబ్బాకు పంపు పెట్టలేదు. ఆ వేళ్లు గోధుమరంగుకు తిరిగి, జిగటగా ఉన్నాయి, కుళ్లు వాసన కూడా వస్తోంది. నీళ్లు నిండుగా ఉన్నా ఆక్సిజన్ అందక చచ్చిపోయాయి.

కక్ష్యలో తిరిగే స్టేషన్లో ఈ పంపు ఇలా పనిచేయదు. అక్కడ అంతా భారరహిత స్థితి కాబట్టి బుడగ పైకి తేలదు, నీరు కిందికి జారదు. నీరు వేళ్లను చుట్టేసి అక్కడే అంటుకుని ఉంటుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2015 చివర్లో జిన్నియా మొక్కలకు తేమ ఎక్కువై బూజు పట్టింది. వాటిలో కొన్నిటిని వ్యోమగామి స్కాట్ కెల్లీ కాపాడితే, 2016 జనవరిలో పూలు పూశాయి. మట్టి లేకుండా నీటితో, గాలిలో చల్లే తుంపరతో మొక్కలు పెంచే పద్ధతులను ఎక్స్‌రూట్స్ పేరుతో 2022లో అక్కడే పరీక్షించారు.

అంగారకుడి మీద భూమితో పోలిస్తే 38 శాతం గురుత్వం ఉంటుంది కాబట్టి నీరు కిందికే పారుతుంది, బుడగ పైకే వస్తుంది. ఇలాంటి డబ్బా పద్ధతికి అక్కడ అవకాశం ఉంది. సూర్యకాంతి మాత్రం భూమికి అందే దాంట్లో సగం కూడా ఉండదు, ఎల్‌ఈడీలు తప్పవు.

ఆకులు వదిలే ఆవిరిని చల్లబరచి మళ్లీ డబ్బాలోకి పంపాలి, కాలనీలో ఒక్క చుక్క కూడా వృథా కాకూడదు. ఆవిరి బయటికి పోయేకొద్దీ లవణాలు చిక్కబడతాయి. అందుకే రోజూ ఈసీ మీటరు ముంచి చూడండి, నీటి విద్యుత్ వాహకతను బట్టి అందులో లవణాలు ఎంత ఉన్నాయో అది చెబుతుంది. లెట్యూస్‌కు సెంటీమీటరుకు 1.2 నుంచి 1.8 మిల్లీసీమెన్స్ (mS/cm) మధ్య సరిపోతుంది. అంతకు మించితే పోషకాలు కలపకుండా మంచినీళ్లు మాత్రమే పోయండి.