గ్రో లైట్ వేడెక్కిపోతోందా? ఐస్ బాటిల్ పెట్టే ముందు ఇది వినండి

నమస్తే అండి. ఇంట్లో లైటు కింద మొక్కలు పెంచేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "లైటు సెగకి ఆకుల అంచులు మాడిపోతున్నాయి, ఉన్నవాటితోనే ఏదైనా ఉపాయం చెప్పండి" అని. ఉపాయాలు ఉన్నాయి. కానీ అందరికీ ముందు తట్టేది ఐస్. ఫ్యాన్ ముందు ఐస్ బాటిల్ పెట్టేస్తారు. దయచేసి పెట్టకండి.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. కిలో ఐస్ కరగాలంటే సుమారు 334 కిలోజౌల్స్ వేడి కావాలి. 100 వాట్ల లైటు ఒక్క గంటలో వదిలేది 360 కిలోజౌల్స్. రోజుకి 14 గంటలు లైటు వేస్తే, ఆ వేడిని పీల్చడానికి దాదాపు 15 కిలోల ఐస్ కావాలి! పైగా ఆ ఐస్ గడ్డకట్టించిన ఫ్రిజ్, తీసిన వేడినంతా మళ్ళీ మీ ఇంట్లోకే వదులుతుంది. బాటిల్‌కి పట్టిన చెమ్మ కారి ఏ ప్లగ్గు మీద పడుతుందో, అది ఇంకో భయం.

"మాది ఎల్ఈడీ, వేడే ఉండదు" అంటారు కొందరు. 100 వాట్ల కరెంటు లోపలికి వెళ్తే, ఆకు మీదా గోడ మీదా పడిన వెలుగుతో సహా చివరికి దాదాపు అంతా వేడిగానే మారుతుంది. కాబట్టి మన పని ఒక్కటే: ఆ వేడిని అక్కడి నుంచి బయటికి తోలడం.

వేడి గాలి పైకి పోతుంది. అందుకని లైటూ మొక్కలూ ఉన్న గూడుకి గాలి బయటికి పోయే దారి పైన, చల్లగాలి వచ్చే దారి కింద పెట్టండి. 100 వాట్ల లైటున్న చోట వేడి బయటికంటే 5 డిగ్రీలకు మించి పెరగకూడదంటే గంటకి సుమారు 60 ఘనపు మీటర్ల గాలి మారాలి. పాత కంప్యూటర్‌లోంచి తీసిన పెద్ద 12 వోల్టుల ఫ్యాన్, గాలికి అడ్డేమీ లేకపోతే, ఈ పని చేసేస్తుంది. అడాప్టర్ కూడా 12 వోల్టులదే కావాలి, ఫ్యాన్ మీద రాసిన ఆంపియర్ల కంటే ఎక్కువ ఇవ్వగలిగేదై ఉండాలి. నాకు బాగా నచ్చిన ఉపాయం ఇదే.

ఎల్ఈడీ లైటు వెనక రెక్కల్లాంటి అల్యూమినియం భాగం ఉంటుంది కదా, హీట్ సింక్. దాని మీద దుమ్ము పేరుకుంటే ఏ ఫ్యాన్ పెట్టినా లాభం తక్కువ. లైటు ఆపి, చల్లారాక, బ్రష్‌తో దులపండి. ఎల్ఈడీకి తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే పెట్టెని డ్రైవర్ అంటారు. దాన్ని విడిగా బిగించే వీలుంటే మొక్కల గూడు బయట పెట్టండి. అందులోని కెపాసిటర్లనే భాగాలకి వేడి పడదు. 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ళు లెక్క కడతారు.

డిమ్మర్ ఉంటే ఇంకా తేలిక. పూర్తి వెలుగు 12 గంటలు వేసినా, ముప్పావు వెలుగు 16 గంటలు వేసినా మొక్కకి అందే మొత్తం వెలుగు ఒకటే, సెగ మాత్రం తగ్గుతుంది. ఆకుకూరలకి ఇది బాగానే పనిచేస్తుంది. పగటి పొడవు చూసుకుని పూసే మొక్కలకి మాత్రం గంటలు మార్చకండి. వీలైతే లైటు రాత్రిపూట వేయండి, బయటి గాలి అప్పుడే చల్లగా ఉంటుంది.

సోడియం బల్బులు వాడేవాళ్ళు మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. ఆ గాజు వందల డిగ్రీలు కాలుతుంది. నీటి చుక్క పడితే పగలొచ్చు. దగ్గర్లో గుడ్డ, అట్ట, థర్మోకోల్, ప్లాస్టిక్ గొట్టం ఏవీ ఉండకూడదు.

ఇక వైర్ల దగ్గర ఏ ఉపాయమూ వద్దు. ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఇంకో బోర్డు తగిలించకండి. బోర్డుని నేల మీద వదలకుండా గోడకి, కుండీల కంటే ఎత్తులో బిగించండి. వైరు ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్ళేలా చూడండి. అప్పుడు నీళ్ళు వైరు వెంట జారినా ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

ఒకసారి రాత్రి నా ఫ్యాన్ ఆగిపోయింది, లైటు వెలుగుతూనే ఉంది. పొద్దున చూస్తే పై ఆకులన్నీ ముడుచుకుపోయాయి. నేను ఇంట్లోనే నిద్రపోతూ ఉన్నాను, అది తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. అందుకే ఒక పని చేయండి. థర్మామీటర్‌ని ఆకుల ఎత్తులో, నేరుగా వెలుగు పడకుండా పెట్టండి. లైటు వెలుగుతుండగా ఫ్యాన్ కావాలని ఆపి, గంటసేపు పక్కనే కూర్చుని చూడండి. వేడి 40 డిగ్రీలు దాటేలా ఉంటే వెంటనే లైటు ఆపేయండి. వేడి పెరిగితే తనంతట తానే కరెంటు ఆపేసే థర్మోస్టాట్ స్విచ్ బిగించేదాకా, మీరు ఇంట్లో లేనప్పుడు గానీ, నిద్రపోయేటప్పుడు గానీ ఆ లైటు వేయకండి.