ఇద్దరి పోటీలో మూడోవాడు వట్టి బరువేనా?

[తెర మీద: ఇద్దరు పెద్దవాళ్లు, వాళ్లతో ఒక పిల్లాడు ఉన్న పాత ఫొటో]

నమస్తే. ఈ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. కింద "ఏడేళ్ల ఒలింపిక్ విజేత" అని రాసి తెగ షేర్ చేస్తుంటారు. అది చదివిన ప్రతిసారీ నాకు ప్రాణం చివుక్కుమంటుంది. ఆ పిల్లాడి పేరు ఎక్కడా నమోదు కాలేదు, వయసూ కాలేదు. ఏడు నుంచి పన్నెండు మధ్య ఉండొచ్చని అంచనా, అంతే. ఈ వయసు గోలలో పడి, వాడు చేసిన పనేంటో ఎవరూ చెప్పడం లేదు.

1900 ఆగస్టు, పారిస్. సీన్ నది మీద 1750 మీటర్ల పడవ పందెం. ఒలింపిక్స్‌లో రోయింగ్, అంటే తెడ్ల పడవల పోటీ, జరగడం అదే మొదటిసారి. ఈ పోటీలో తెడ్లు వేసేది ఇద్దరు, చుక్కాని చూసుకునేది వెనక కూర్చున్న మూడోవాడు. అతన్ని కాక్స్ అంటారు.

మన ఎడ్లబండి గుర్తు తెచ్చుకోండి. దాపటెద్దు జోరుగా లాగి, వలపటెద్దు మెల్లగా లాగితే బండి ఎటు పోతుంది? వలపటి వైపు తిరిగిపోతుంది. ఇక్కడా అంతే. ఒక్కొక్కరికి ఒక్కటే తెడ్డు, ఒకరిది కుడివైపు, ఒకరిది ఎడమవైపు. ఒకరి పట్టు కాస్త సడలినా పడవ పక్కకి లాగుతుంది. పైగా ఈ జోడెడ్లు వెళ్లే దిక్కుకి వీపు పెట్టి కూర్చున్నాయి! దారి కనిపించేది బండి తోలేవాడికి ఒక్కడికే. కాక్స్ చేతిలో చుక్కానికి కట్టిన తాళ్లుంటాయి, అచ్చం పగ్గాల్లాగే.

సరే, నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ మినర్వా క్లబ్ నుంచి డచ్ జంట ఫ్రాన్స్వా బ్రాంట్, రూలోఫ్ క్లైన్ వచ్చారు. వాళ్ల కాక్స్ హెర్మానస్ బ్రాక్‌మన్, సుమారు 60 కిలోలు. తొలి రౌండ్‌లో ఫ్రెంచ్ జంట చేతిలో ఎనిమిది సెకన్లకు పైగా తేడాతో ఓడిపోయారు, అయినా ఫైనల్‌కి చేరారు. ఫ్రెంచ్ పడవల్లో చూస్తే, పగ్గాలు పట్టింది చిన్న పిల్లలు! దాంతో ఫైనల్‌కి వీళ్లు కూడా అక్కడి పిల్లాడినే ఒకణ్ని ఎక్కించుకున్నారు. 33 కిలోలు.

బస్తా దించేశారు కదా, ఎడ్లు పరుగెత్తాలి. కానీ బండికి తూకమని ఒకటుంటుంది. బస్తాలన్నీ వెనక్కి పేరిస్తే కాడి పైకి లేస్తుంది, ముందుకి పేరిస్తే ఎడ్ల మెడలు నలుగుతాయి. పిల్లాడు కూర్చునేసరికి పడవ వెనక భాగం మరీ తేలిపోయింది. చుక్కాని నీళ్లలో మునగకపోతే పగ్గాలున్నా ఏం లాభం? అందుకే 5 కిలోల సీసం కట్టారు. అది పోను, బ్రాక్‌మన్ ఉన్నప్పటికంటే ఇంకా 22 కిలోలు తగ్గినట్టే.

ఫైనల్‌లో డచ్ జంట టైమ్ 7 నిమిషాల 34.2 సెకన్లు. రెండో స్థానంలో ఉన్న ఫ్రెంచ్ జంటది 7 నిమిషాల 34.4.

0.2 సెకన్లు! కనురెప్ప వేసేంత సేపు. ఆ కాస్తా ఆ 22 కిలోల పుణ్యమే అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. మొత్తం దూరంలో పిల్లాడు ఒక్కసారి పగ్గం తప్పు లాగినా ఆ తేడా మాయమైపోయేది. ముక్కూమొహం తెలియని ఇద్దరు మనుషులు, అలవాటు లేని పడవ, ఫైనల్ టెన్షన్. వాడు తిన్నగా తోలాడు. బ్రాక్‌మన్‌ని తీసిపారేయకండి, అవే పోటీల్లో వేరే పడవల్లో అతనికి రెండు పతకాలొచ్చాయి.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. ఇప్పుడు కాక్స్ కనీసం 55 కిలోలుండాలి, తక్కువైతే ఆ మేరకు బరువు పడవలో పెట్టాలి. అంటే పిల్లల్ని ఎక్కించుకుంటే కలిసొచ్చేది ఏమీ లేదు. కాక్స్ ఉన్న జంటల పోటీ ఒలింపిక్స్‌లో చివరిసారి జరిగింది 1992 బార్సిలోనాలో. బ్రిటన్ సర్ల్ సోదరులు, ఇటలీ అబ్బాన్యాలే సోదరుల్ని దాటి గెలిచారు. పతకాల వేదిక మీద ఏడ్చేసింది గెలిచిన బ్రిటన్ జంట కాక్స్ గ్యారీ హెర్బర్ట్. ఆ వీడియో తప్పకుండా వెతికి చూడండి.

[తెర మీద: మళ్లీ అదే ఫొటో, పిల్లాడి ముఖం దగ్గరగా]