కారు వెనక ఇల్లు

శ్రోతలకు నమస్కారం. పోయిన వేసవి సెలవుల్లో మా ఇంటిల్లిపాదీ వారం రోజులు ఒక కారవాన్‌లో కాపురం చేసొచ్చాం, ఆ ముచ్చట ఈ పూట మీతో చెప్పుకుంటాను. కారవాన్ అంటే కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల గది. దానికి సొంత ఇంజన్ ఉండదు. మంచాలు, గ్యాస్ పొయ్యి, సింకు, తిరిగితే మోచెయ్యి తగిలేంత బాత్‌రూమ్, అంతే. వెళ్లింది ఇంగ్లండ్‌లో నార్త్ యార్క్‌షర్ తీరాన, విట్బీ పట్నానికి దక్షిణంగా ఉన్న రాబిన్ హుడ్స్ బే అనే పాత బెస్తల ఊరికి. పేరు వినగానే మా చిన్నాడు విల్లూ బాణాలూ సర్దుకున్నాడు. కథల్లోని ఆ విలుకాడు రాబిన్ హుడ్‌కీ ఈ ఊరికీ సంబంధం ఉందనడానికి ఆధారమేమీ లేదురా అని దార్లో చెబితే అరగంట మాట్లాడలేదు.

ముందు లాగడం సంగతి. 1997 నుంచి కారు లైసెన్సు తీసుకున్నవాళ్లు పెద్ద కారవాన్ లాగాలంటే ఒకప్పుడు విడిగా పరీక్ష పాసవ్వాల్సి వచ్చేది, 2021 డిసెంబరులో ఆ నిబంధన తీసేశారు, ఇప్పుడు మామూలు లైసెన్సుతోనే 3,500 కిలోల దాకా లాగొచ్చు. చట్టం ఒప్పుకుంది కానీ నా చేతులు ఒప్పుకోలేదు. రివర్స్ చేసేటప్పుడు స్టీరింగ్ ఎడమకి తిప్పితే వెనకున్నది కుడికి పోతుంది! మోటార్‌వే మీద గంటకు 60 మైళ్లు దాటకూడదు, మూడు లేన్లు ఉన్నచోట కుడి చివరి లేన్‌లోకి వెళ్లకూడదు. బరువైన సామాన్లు కింద, ఇరుసుకి దగ్గరగా పెట్టాలి. నేను మాత్రం మడత కుర్చీలూ నీళ్ల పీపా అన్నీ వెనక మూలకి తోసేశాను, ఇక హైవే ఎక్కాక వెనకది పాములా ఊగడం మొదలుపెట్టింది. మా ఆవిడ "ఏవండీ, పక్కకి ఆపండి" అన్న గొంతు ఇంకా చెవుల్లో ఉంది. దార్లో బళ్లు ఆపుకునే మొదటి సర్వీసెస్‌లో ఆపి అంతా మళ్లీ సర్దుకుని బయల్దేరాం.

కారవాన్లు నిలిపే సైట్ ఊరికి ఎగువన, కొండ మీద. అక్కడ చేరాక ముందు మట్టం చూసుకోవాలి. ఆ తర్వాతే నాలుగు మూలల కాళ్లు దించాలి, అవి కదలకుండా ఆపడానికేగానీ జాకీలు కావు, వాటితో కారవాన్‌ని పైకి లేపకూడదు. అది తెలిసేలోపే నేను ఒకదాన్ని కొంచెం వంచేశాను, పోనివ్వండి. కరెంటు 10 ఆంపియర్లు. అంటే హీటరూ కెటిలూ ఒకేసారి వేస్తే టప్‌మని పోతుంది. మొదటి రాత్రి టీ కోసం మూడుసార్లు పోయింది. నీళ్లు 40 లీటర్ల పీపాలో దొర్లించుకుంటూ తెచ్చుకోవాలి, ఇంట్లో షవర్ కింద పాటలు పాడుకునే మా పెద్దమ్మాయి రెండో రోజుకే చెంబు లెక్కన స్నానం చెయ్యడం నేర్చుకుంది. టాయిలెట్ డబ్బా ఖాళీ చేసే వంతు గురించి మాత్రం రేడియోలో మాట్లాడను.

ఇక ఊరు. బయటివాళ్ల కార్లు పైనే ఆపాలి, అక్కడినుంచి ఒక వీధి సముద్రం దాకా జారిపోతున్నట్టు దిగుతుంది. రెండు పక్కలా ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు ఇళ్లు, మధ్యలో మనిషి పట్టేంత సందులు, ఊరి కిందుగా సొరంగంలో పారే వాగు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇది దొంగసరుకు దింపే రేవు. పట్టు తాను ఒకటి అడుగునున్న ఇంట్లో ఇస్తే, ఎండ మొహం చూడకుండా ఇంట్లోంచి ఇంట్లోకి కొండ మీదకి చేరేదని చెప్పుకుంటారు. పట్టు ఒక్కటే కాదు, సారాయి, టీ కూడా. అప్పట్లో టీ మీద పన్ను అసలు ధరని మించి నూటపందొమ్మిది శాతం దాకా ఉండేది, 1784లో దాన్ని పన్నెండున్నరకి దించేసరికి ఆ దొంగ వ్యాపారం దెబ్బతింది. కప్పు టీ కోసం నేను చీకట్లో ఫ్యూజు బాక్స్ వెతికిన మర్నాడే ఈ సంగతి తెలియడంతో వాళ్ల మీద కొంచెం జాలి వేసింది.

బీచ్ దగ్గర మా గడియారం మారిపోయింది. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి పోయి, మెట్లు మెట్లుగా రాతి పలకలు బయటపడతాయి, వాటి మధ్య గుంటల్లో పీతలు. దాదాపు 19 కోట్ల ఏళ్ల నాటి మట్టిరాయిలో అమ్మోనైట్ అనే, ఎప్పుడో అంతరించిన సముద్రజీవి వడి తిరిగిన గుల్లలు దొరుకుతాయి. కొండ చరియలు విరిగిపడుతుంటాయి కాబట్టి కొండ అడుగున తవ్వకూడదు, కింద పడివున్న గులకరాళ్లలోనే వెతుక్కోవాలి. ఆటు రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది, ఆ లెక్క ప్రకారమే మా భోజనాలూ నిద్రలూ జరిగాయి. ఒకరోజు ఇసుక మీదుగా బాగుల్ హోల్ అనే చిన్న సముద్రపు వంపు దాకా నడిచి, పీతల ధ్యాసలో టైమ్ మర్చిపోయాం. పోటు లేస్తోందని చూసుకుని, అక్కడి మెట్లెక్కి కొండ అంచు దారిన తిరిగొచ్చాం. మా అమ్మ మోకాళ్లు పట్టుకుని నన్ను తిట్టిన తిట్లన్నీ న్యాయమైనవే.

అన్నిట్లోకీ నా మనసు పట్టుకున్నది ఊళ్లోని ఒక ఫలకం. 1881 జనవరి, మంచు తుపాను. విజిటర్ అనే ఓడ ఈ తీరం దగ్గర ప్రమాదంలో పడింది, అందులోని ఆరుగురు చిన్న పడవలో బయటపడి అలల మధ్య చిక్కుకున్నారు. విట్బీ నుంచి లైఫ్‌బోట్, అంటే ఆపదలో ఉన్నవాళ్లని కాపాడే పడవ, సముద్రం మీద రాలేని పరిస్థితి. అందుకని దాన్ని బండి మీద ఎక్కించి, పద్దెనిమిది గుర్రాలూ రెండు వందల మంది మనుషులూ కలిసి, ముందు మంచు తవ్వుకుంటూ ఆరు మైళ్లు లాక్కొచ్చారు. ఆ తర్వాత ఈ వాలు వీధిలోంచే దాన్ని కిందికి దించారు. ఆరుగురూ బతికారు. అక్కడ నిలబడి ఆ వాలుని కిందికీ పైకీ చాలాసేపు చూశాను.

తిరుగు ప్రయాణం రోజు కారవాన్ తగిలించడానికి కారుని వెనక్కి తేవాలి. ఒకసారి పక్కకి పోయింది. రెండోసారి ఇంకా పక్కకి పోయింది. మూడోసారికి చెమటలు పడుతుంటే, మా చిన్నాడు కిటికీలోంచి తల బయటపెట్టి, "నాన్నా, రెండు వందల మందిని పిలవనా?" అన్నాడు.