స్వేచ్ఛగా తిరిగే గుర్రాలన్నీ అడవి గుర్రాలేనా?

నమస్కారం. అమెరికా పశ్చిమ ప్రాంతంలో మందలుగా పరుగెత్తే మస్టాంగులను మనలో చాలామంది అడవి గుర్రాలనే అనుకుంటారు. మన కోనసీమ లంకల్లో దేవుడి పేరున అచ్చువేసి వదిలిన ఆంబోతు ఎవరి చేలో పడి మేసినా అడిగేవారుండరు. అంతమాత్రాన దానిని అడవి జంతువని ఎవరూ అనరు, ఎందుకంటే దాని తల్లి ఏ రైతు పాకలోనో ఈనిన ఆవే.

మస్టాంగుల సంగతీ అంతే. అశ్వజాతి ఉత్తర అమెరికాలోనే పుట్టినా, అక్కడి గుర్రాలు సుమారు 10 వేల ఏళ్ల కిందట అంతరించాయి. ఇప్పుడున్నవి 16వ శతాబ్దం నుంచి స్పెయిన్ వారు ఓడల్లో తెచ్చిన పెంపుడు గుర్రాలలో తప్పించుకున్న వాటి సంతతి. తరువాత వచ్చిన ఇతర జాతుల రక్తమూ వాటిలో కలిసింది. ఆస్ట్రేలియాలో 1788 తరువాత అడుగుపెట్టిన గుర్రాల వారసులైన బ్రంబీలదీ ఇదే కథ.

ఈ పెంపుడు గుర్రాలన్నిటి మూలం రష్యాలోని వోల్గా, డాన్ నదుల దిగువ ప్రాంతమని 2021లో వెలువడిన ప్రాచీన డీఎన్ఏ పరిశోధన తేల్చింది. సుమారు 4,200 ఏళ్ల కిందట అక్కడి నుంచి బయలుదేరిన ఈ సంతతి, కొద్ది శతాబ్దాలలోనే ఐరోపా, ఆసియాలలోని తక్కిన గుర్రాలన్నిటినీ దాదాపు తుడిచిపెట్టింది. బరువు మోయగల నడుము, బెదరని స్వభావం, ఈ రెండింటికీ సంబంధించిన జన్యువులు వాటిలో బలపడడమే కారణమని ఆ పరిశోధకుల అంచనా. పెళ్లి ఊరేగింపు కోసం అమలాపురానికి అద్దెకు వచ్చే గుర్రమూ ఆ వంశంలోనిదే.

అసలు చిక్కు మంగోలియా వారు తఖీ అని పిలిచే ప్రెవాల్‌స్కీ గుర్రంతో వచ్చింది. పెంపుడు గుర్రానికి 64 క్రోమోజోములుంటే దీనికి 66 ఉంటాయి. అయినా, ఈ రెండింటికీ పుట్టిన పిల్ల 65 క్రోమోజోములతోనే సంతానాన్ని కంటుంది, కంచరగాడిదలా గొడ్డుపోదు. లోకంలో మిగిలిన ఏకైక అడవి గుర్రం ఇదేనని చాలాకాలం పాఠాలు చెప్పుకున్నాం. ఉత్తర కజకిస్తాన్‌లోని బొటాయ్ ప్రజలు 5,500 ఏళ్ల కిందట పెంచిన గుర్రాల నుంచే తఖీలు వచ్చాయని 2018లో మరో డీఎన్ఏ అధ్యయనం చెప్పడంతో, ఇవి కూడా ఒకప్పుడు మనిషి చేతి నుంచి జారిపోయినవేనా అన్న సందేహం పుట్టింది. బొటాయ్ కుండల్లో గుర్రపు పాల జాడలు దొరికాయి, అక్కడి గుర్రాల పళ్లపై కళ్లెం రాపిడి వల్ల వచ్చే అరుగుదల ఉందన్నారు. అయితే అలాంటి అరుగుదల మనుషులు ముట్టని మంచుయుగపు అమెరికా గుర్రాల పళ్లకూ ఉందని 2021లో మరికొందరు చూపారు. పళ్ల సాక్ష్యం వీగినా పాల సాక్ష్యానికి జవాబు రావాలి కనుక, తీర్పు చెప్పడానికి ఇది సమయం కాదని నా అభిప్రాయం.

వాదం ఎటు తేలినా తఖీల వంశం వోల్గా గుర్రాలకు వేరుగానే ఉంటుంది. 1960ల చివరికి స్వస్థలంలో కనుమరుగైన తఖీలను, జంతుప్రదర్శనశాలల్లో మిగిలిన పదిపన్నెండింటి సంతతితో 1992 నుంచి మళ్లీ మంగోలియా గడ్డిమైదానాలకు చేరుస్తున్నారు.