ఎదురొచ్చే విమానం

శ్రోతలకు నమస్కారం. రిమోట్‌తో ఎగిరే చిన్న విమానాల గురించి ఈరోజు నాలుగు మాటలు. పెళ్లిళ్లలో ఫొటోలు తీసే డ్రోన్ల సంగతి కాదు. డ్రోన్ గాలిలో ఉన్నచోటే నిలబడగలదు. రెక్కల విమానం అలా ఆగలేదు, వేగం తగ్గితే జారిపోతుంది. దాన్ని నడిపించే మజాయే వేరు.

రెడీమేడ్‌వి దొరుకుతాయి. కానీ నన్నడిగితే మొదటిది సొంతంగా కట్టుకోవడమే మేలు. ఫోమ్ బోర్డు, కట్టర్, హాట్ గ్లూ, ప్రొపెల్లర్ తిప్పే బ్రష్‌లెస్ మోటార్, రెక్కల్లో, తోకలో కదిలే పలకలను తిప్పే చిన్న మోటార్లు (సర్వోలు) రెండు మూడు, లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, రేడియో, అంటే చేతిలో పట్టుకునే రిమోట్, ఉంటే పని మొదలెట్టొచ్చు. అన్నీ అతికించాకే అసలు పరీక్ష, బ్యాలెన్స్ చూడటం. రెక్క వెడల్పులో, ముందంచు నుంచి పావు వంతుకూ మూడో వంతుకూ మధ్య, అటొక వేలు ఇటొక వేలు ఆనించి విమానాన్ని ఎత్తి చూడాలి. ముక్కు కాస్త వాలితే ఫర్వాలేదు. తోక వాలిందా, బ్యాటరీని ముందుకు జరపాల్సిందే. ముక్కు బరువైతే బద్ధకంగా ఎగురుతుంది, తోక బరువైతే ఒక్కసారే ఎగురుతుంది అని ఈ పిచ్చి ఉన్నవాళ్ల జోకు. ఆ బ్యాటరీని అరంగుళం అటూ ఇటూ జరుపుతుంటే సాయంత్రం ఎలా గడిచిందో తెలియదు.

తిరుపతిలో ఉన్నవాళ్లకు చోటే పెద్ద సమస్య. తిరుమల కొండపై ఎగరేయడం నిషేధం, రేణిగుంటలో ఎయిర్‌పోర్టు. ఈ విమానాలకూ వర్తించే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం, ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో కూడా 400 అడుగులు దాటకూడదు. ఏ చోటు ఏ జోనో ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకున్నాకే బయల్దేరాలి. చిత్తూరు వైపు వేసవిలో ఎండిన చెరువులు ఇందుకు బాగుంటాయి, కరెంటు తీగలు లేకుంటే చాలు. గాలి లేవకముందే, తెల్లవారుజామున వెళ్లండి.

కొత్తవాళ్లకు టెన్షన్ పుట్టేది విమానం మనవైపు తిరిగినప్పుడు. అది దూరంగా పోతున్నంతసేపూ రిమోట్ మీది స్టిక్ కుడికి తోస్తే కుడికే వెళ్తుంది. ఎదురొచ్చేటప్పుడు దాని కుడి మన ఎడమ. క్షణంలో చెయ్యి తడబడి, ఫోమ్ ముక్కలు ఏరుకోవాల్సి వస్తుంది. దీనికొక చిట్కా ఉంది: ఏ రెక్క కిందికి వాలితే స్టిక్ ఆ వైపుకే తోయండి, ఒరిగిన పందిరికి గుంజ ఆనించినట్టు. కంప్యూటర్‌లో సిమ్యులేటర్ మీద సాధన చేస్తే ఇంకా మంచిది. ఎప్పుడో ఒకరోజు కుడి ఎడమల ఆలోచన లేకుండానే విమానాన్ని మలుపు తిప్పేసి ఉంటారు. ఈ హాబీలో అంతకు మించిన సంతోషం నాకు తెలియదు.

ఎండ ఎక్కాక ఇంకో సరదా. చెరువు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది. గద్దలు రెక్కాడించకుండా చుట్లు కొట్టేది అందులోనే. పొడుగు రెక్కల గ్లైడర్‌ని మోటార్ ఆపేసి అక్కడికి తీసుకెళ్తే, అదీ వాటితోపాటు పైకి లేస్తుంది.

మేకలు తోలుకొచ్చిన పెద్దాయన తప్పకుండా అడుగుతాడు: "ఎంత దూరం పోతాది సామీ?" రేడియో సిగ్నల్ కిలోమీటరు అందుకున్నా, అంతకన్నా ముందే కంటికి ఆనదు. కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరేయాలన్నది రూలు కూడా. అందుకే రెక్కల పైభాగానికి ఒక రంగు, అడుగున ముదురు రంగు వేసుకోండి. తెల్లగా వదిలేస్తే మన వేసవి ఆకాశంలో ఎటు తిరిగి ఉందో పోల్చుకోలేరు.